గిటారులో నేను వేసిన ముడి

ఏం పని చేసేవారని ఎవరైనా అడిగితే గిటార్లు చేసేదాన్ని అంటాను. అడిగినవాళ్ళు నా ముక్కుపుడక చూస్తారు, నెత్తి మీద కప్పుకున్న కొంగు చూస్తారు, ముసలమ్మకు సరిగా వినపడలేదేమో అనుకుని ఇంకాస్త గట్టిగా అడుగుతారు. మా మనవరాలి కాలేజీ స్నేహితురాళ్ళయితే ఏకంగా నవ్వేశారు. అమ్మాయిలూ, ఇది మీ కోసమే రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి, అదీ మరాఠీ బడిలో. తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక మా ఆయన నేర్పాడు. అక్షరం తప్పు పోతే దిద్దుకోండి. జరిగిన సంగతిలో మాత్రం తప్పు ఉండదు.

వాయించడం నాకు రాదు. కర్ర కోయలేదు, రంగు వేయలేదు. నేను గిటారుకు గొంతు పెట్టేదాన్ని. కరెంటు గిటారులో తీగల కింద నల్లటి డబ్బీ ఒకటి కనిపిస్తుంది చూడండి. దాని లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ తలవెంట్రుక కంటే సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టి ఉంటుంది. పైన తీగ వణికితే కింద ఈ చుట్టలో కరెంటు వణుకుతుంది. ఆ వణుకునే స్పీకరు పాటగా పాడుతుంది. ఇంతకు మించి నాకూ తెలియదు. ఈమాత్రం కూడా చాలా ఆలస్యంగా తెలిసింది. ఎంత ఆలస్యంగానో ముందుకు పోతే మీకే అర్థమవుతుంది.

పెళ్ళయి సోలాపురం జోడ్‌భావి పేట్‌కు వచ్చిన కొత్తలో నాకు చేతనైన పని ఒక్కటే, కండెలు చుట్టడం. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్లకు రాట్నం మీద దారం చుట్టడమన్న మాట. మా ఆయన సాంచె మీద, అంటే కరెంటు మగ్గం మీద, చాదర్లు నేసేవాడు. నేనూ మా అత్తా వరండాలో ఎదురెదురుగా రాట్నాలు పెట్టుకుని కండెలు చుట్టేవాళ్ళం. దారం తెగితే ముడి వేయడం మా అత్తే నేర్పింది. నేత ఇళ్ళలో ముడి అంటే మూటకు వేసే ముడి కాదు. రెండు కొసలు బొటనవేలి మీద అడ్డంగా పెట్టి, ఒక మెలిక తిప్పి లాగితే, ఎక్కడ వేశావో నీకే కనబడకూడదు. మగ్గంలో దువ్వెనలా ఉండే పన్నె పళ్ళ సందులోంచి అది తగలకుండా జారిపోవాలి. బట్ట మీద చెయ్యి వేసి నిమిరితే తెలియకూడదు. "ముడి కనవడ్డదంటే ఇంటి ఇజ్జత్ కనవడ్డట్టే" అనేది మా అత్త. ఆరునెలల పాటు నా ముడులన్నీ వెలుతురుకు పెట్టి చూసింది. ఆ తర్వాత చూడడం మానేసింది. ఆమె మెచ్చుకోవడం అంటే అంతే.

మా సందు చివర మోటర్లు బాగుచేసే దుకాణం ఉండేది. కార్ఖానాల్లో సాంచెల మోటర్లు కాలితే అక్కడికే వచ్చేవి. ఆ దుకాణం ఆయనను ఊరంతా మాస్టర్ అనేది. బొంబాయి మిల్లులో ఫిట్టరుగా పనిచేసి, మిల్లు మూతపడ్డాక తిరిగొచ్చాడు. పగలంతా మోటర్లు, పొద్దు వాలితే గిటారు. ఆ గిటారు కొన్నది కాదు, చేసింది. విరిగిపోయిన పాత చేతిమగ్గం టేకు దిమ్మను చదును చేసి, దాని మీద తీగలు బిగించాడు. మా పేటలో కరెంటు గిటారు చేసిన మొదటివాడు మాస్టరే. దాన్ని తెచ్చి మా వరండాలో చూపించిన రోజు మా అత్త అటూ ఇటూ తిప్పి చూసింది, వేలితో కొట్టి చూసింది.

"ఏంది మాస్టరూ, దీనికి కడుపే లేదు. వీణకు కడుపుంటది, తంబూరకు కడుపుంటది. కడుపు లేనిది ఎట్ల పాడుతది?"

"కడుపున్నోళ్ళంత పాడుతున్నరా పెద్దమ్మా?" అన్నాడు మాస్టర్.

బొంబాయిలో ఉన్నప్పుడు ఓడల మీద పనిచేసే వాద్యగాడొకడు ఆయనకు ఒక కథ చెప్పాడట. సముద్రాల అవతల ఒకాయన ఉన్నాడనీ, వట్టి దుంగకు తీగలు బిగించి, కింద అయస్కాంతం పెట్టి వాయించాడనీ, చూసినవాళ్ళు ఇదేం గిటారని నవ్వితే దుంగకు రెండు పక్కలా గిటారు చెక్కలు అతికించి తీసుకుపోయాడనీ, అప్పుడు అదే జనం చప్పట్లు కొట్టారనీ. ఆయన తన పాట మీద తనే ఇంకో పాట రికార్డు చేసి, ఒక్కడే పదిమందిలా వినిపించేవాడట కూడా. మాస్టర్ ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ చివర, "వాయించెటోడే చేసిండు. చేసెటోడే వాయించిండు. గదీ పనంటే" అనేవాడు.

ఆ పది మంది పాట తనూ చేయాలని రెండు టేప్ రికార్డర్లు తెచ్చాడు. ఒకదాంట్లో తన పాట వేసి, దాని మీద వాయిస్తూ రెండోదాంట్లో పట్టేవాడు. మళ్ళీ అది వేసి, దాని మీద ఇంకోటి. ఆయన భార్యను నేను అక్కా అని పిలిచేదాన్ని. అక్క వంటింట్లోంచి వింటూ, "ఇంట్ల ఒక్కడే ఉన్నడనుకుంటి. ఇప్పుడు నలుగురికి చాయ్ పెట్టాల్నా?" అనేది.

చెయ్యడమైతే చేశాడు గానీ ఆయన వేళ్ళు లావు, చూపు మందం. సన్నతీగ చుట్టబోతే పదిచుట్లకోసారి తెగేది. ఒకరోజు మా గడప దగ్గర నిలబడి నేను కండె చుట్టడం చాలాసేపు చూశాడు.

"చెల్లె, నీ చెయ్యి జర నాకియ్యి."

మా అత్త రాట్నం ఆపేసింది. "చెయ్యి అడుగుతవేంది మాస్టరూ, పెండ్లైన పిల్లను!"

"వేళ్ళు చాలు పెద్దమ్మా."

అట్లా నా నౌకరీ మొదలైంది. ఒక పాత రాట్నానికే కదురు మార్చి, కండె పుల్ల ఉండే చోట అయస్కాంతం డబ్బీ బిగించాడు. ఎడమచేతి రెండు వేళ్ళ నడుమ తీగ జారాలి, కుడిచెయ్యి చక్రం తిప్పాలి. బిగిస్తే తెగుతుంది, వదిలేస్తే చుట్ట మెత్తబడి గిటారు కీచుమంటుంది. ఇది నాకు ఎవరూ నేర్పనవసరం లేకపోయింది. దారం కూడా అంతే కదా. లెక్క మాత్రం కష్టం. నాకు వంద దాటితే తికమక. అందుకని వంద చుట్లకు ఒక చింతగింజ పక్కన పెట్టేదాన్ని. పాటకు వాయించే పదునుగొంతు చుట్టకు అరవై గింజలు అని మాస్టర్ చెప్పాడు. అరవై అంటే అరవై. ఒక గింజ ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఇంకో మాట కూడా చెప్పాడు. "తెగితే నువ్వు ముట్టుకోకు. నాకియ్యి."

తెగినప్పుడల్లా ఇచ్చేదాన్ని. ఆయన కిటికీ వైపు తిరిగి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, వీపు నాకు పెట్టి ఏదో చేసేవాడు. కాసేపటికి అతికిన తీగ నా చేతికి వచ్చేది. ముడి వేయడానికి ఇంతసేపా అని లోపల నవ్వుకునేదాన్ని. నేనైతే కళ్ళు మూసుకుని వేస్తాను. పెద్దాయన, ఏమంటాం!

చుట్ట పూర్తయ్యాక రెండు కొసలకు టంకం పెట్టడం అక్క పని. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన చేయి ఆమెది, పొగాకు పడక దగ్గుతుంటే మాస్టరే మానిపించి టంకం నేర్పాడు. నేను చుట్టేదాన్ని, అక్క టంకం పెట్టేది, మాస్టర్ బిగించి వాయించి చూసేవాడు. అట్లా నాలుగేళ్ళు నడిచింది. ఊళ్ళో ఆర్కెస్ట్రాల వాళ్ళందరూ మా సందుకు దారి తెలిసినవాళ్ళే.

ఒక చలికాలం పొద్దున మాస్టర్ నిద్ర లేవలేదు. నాలుగు టేపుల్లో పదహారు మంది మాస్టర్లు మిగిలారు గానీ మోటరు బాగుచేసే మాస్టర్ ఒక్కడూ లేడు.

మోటర్లు రావడం ఆగిపోయింది. నీలం నగర్‌లో మోటర్ల పని చేసే ఒకాయన వచ్చి, దుకాణం నాకు అప్పగించండి వదినె, బల్లా పనిముట్లతో సహా తీసుకుంటాను అన్నాడు. అక్క ఆడపడుచు బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉండేది. "ఈడికి రా వదినె, ఆకు, పొగాకు కార్ఖానోళ్ళే ఇస్తరు. కలిసి చుట్టుకుందం" అని కబురు పెట్టింది. అక్క ఎవరికీ అవునని అనలేదు, కాదని అనలేదు. దుకాణం తలుపు తీసి, బల్ల తుడిచి, మళ్ళీ వేసేది. నాకు ఆ పొగాకు దగ్గే గుర్తుకొచ్చేది.

శ్రావణం రావడానికి ముందు ఆర్కెస్ట్రా ఆయన వచ్చాడు. మా తెలుగువాడే, మాట సగం మరాఠీ, అక్కను వైనీ, అంటే వదినా, అనేవాడు. మాస్టర్ చేసిన ఎర్ర గిటారు మెడలో లేకుండా ఆయనను ఎవరూ చూడలేదు. దుకాణం ముందు నిలబడి చాలాసేపు ఆ ఎర్ర గిటారు పట్టీ సవరించుకున్నాడు.

"వైనీ, బరోబర్ చెప్తున్న, కోపం చెయ్యకు. మనిషి పోయినంక పని ఎవలు చేస్తరని అందరు అడుగుతున్నరు. పుణె నుంచి తెప్పించుకుంటమంటున్నరు."

"నువ్వేమంటున్నవ్?" అంది అక్క.

"నేను ఒకటి చేయిస్త. మార్కండేయ రథం ఊరేగింపుల టెంపో మీద అదే వాయిస్త. ఊరంత వింటది. మంచిగ పలికిందా, నా ఆర్కెస్ట్రా పనంత నీకే, మిగిలినోళ్ళను కూడ నేనే తోలుకొస్త. పలకలేదా..."

"పలకకపోతే దుకాణం ఇచ్చేస్త" అంది అక్క. నీలం నగర్ ఆయనకు కూడా ఊరేగింపు అయ్యాక జవాబు చెబుతానని కబురు పంపింది.

దిమ్మ మాస్టర్ కోసి పెట్టి ఉంచిందే ఉంది. దానికి రెండు చుట్టలు. ఒకటి మెడ వైపు, మెత్తటి గొంతుకు. ఇంకోటి కింది వైపు, పదునుగొంతుకు. మొదటిది ఇబ్బంది లేకుండా అయిపోయింది. రెండోది చుడుతున్నాను. యాభై రెండో గింజ పక్కన పెట్టాను. అప్పుడే పాతసామాన్ల బండివాడు గడప ముందుకొచ్చి "భంగార్‌వాలే!" అని అరిచాడు. ఉలిక్కిపడ్డాను గానీ చక్రం ఆపలేదు. ఒకటి, రెండు, మూడు... నలభై దగ్గర తీగ తెగింది.

తెగితే నాకియ్యి అన్న మనిషి లేడు. అక్క వంటింట్లో ఉంది. పిలవాలని కూడా తోచలేదు. తెగిన దారాన్ని చూస్తే నేత ఇంటి కోడలి వేళ్ళు ఆగుతాయా? రెండు కొసలు బొటనవేలి మీద పెట్టి, మెలిక తిప్పి లాగాను. కనపడలేదు. గోరుతో నిమిరితే తగలలేదు. మా అత్త చూసినా వెతుక్కోవలసిందే. అంత సన్నటి తీగకు అంత మంచి ముడి నా జన్మలో వేయలేదు. అక్కకు చెప్పనైనా లేదు. దాచి కాదు, చెప్పుకోవలసిన సంగతే కాదనుకుని.

అక్క కొసలకు టంకం పెట్టింది. బిగించాం. గిటారు మీద గొంతు మార్చే మీట ఒకటి ఉంటుంది. పైకి వేస్తే ఒక చుట్ట, కిందికి వేస్తే ఇంకోటి, నడుమ ఉంచితే రెండూ కలిసి పలుకుతాయి. మాస్టర్ ఎప్పుడూ నడుమే ఉంచేవాడు. మేమూ నడుమే ఉంచి తీగ మీటాం. ఖణేల్మంది. అక్క కళ్ళు తుడుచుకుంది, నేను ముక్కు తుడుచుకున్నాను. రెండు చుట్టల్లో ఒకటి పలికినా నడుమ గొంతు వస్తుందని మాకు ఎవరు చెప్పాలి?

నారళీ పున్నమి, అంటే శ్రావణ పున్నమి, మార్కండేయ రథం కదిలే రోజు వచ్చింది. పొద్దున్నుంచే మా పేటంతా జనం. గడపగడపకూ రంగవల్లి. మా అత్త వరండాలో పెద్ద స్టవ్వు పెట్టి ఊరేగింపు వాళ్ళకు గంజు నిండా చాయ్ కాస్తోంది. ఆర్కెస్ట్రా ఆయన టెంపో మా సందు మొదట్లోనే ఆగింది. దాని మీద జనరేటరు, స్పీకర్లు, డ్రమ్ములు. రథం వచ్చి మా చౌక్ దాటగానే దాని వెనక చేరాలి. కొత్త గిటారు మెడలో వేసుకుని, వైరు తగిలించి, మీట పైకి వేసి వాయించాడు.

"క్యా బాత్!" అన్నాడు.

మీట కిందికి వేశాడు. చేయి ఆడుతోంది, గొంతు లేదు. స్పీకరులో ఈగ ముసిరినంత రొద. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. టెంపో చుట్టూ మూగినవాళ్ళలో ఒకడు, "మాస్టర్ తోటే పాయె ఆవాజ్" అన్నాడు. ఎవడో నాకు తెలుసు, రాయను. వాడి మనవలు చదువుతారు.

ఆర్కెస్ట్రా ఆయన దిగి వచ్చి గిటారు అక్క చేతిలో పెట్టాడు. కోపం లేదు, అదే ఎక్కువ బాధ. "వైనీ, డోలు ఢమఢమల నడుమ నాకు కింది గొంతే కావాలె. రథం చౌక్‌ల కొచ్చెదాంక ఆగుత. కాకపోతే నా ఎర్ర గిటారు ఉంది. నువ్వు దిల్ కు తీసుకోకు."

రథం రెండు చౌకుల అవతల ఉంది. డోళ్ళు వినబడుతున్నాయి.

అక్క దుకాణం బల్ల మీద గిటారు బోర్లించి స్క్రూలు విప్పింది. కరెంటు దాటుతుందో లేదో చెప్పే మాస్టర్ మీటరు తీసి రెండు కొసలకు తాకించింది. మెడ వైపు చుట్టకు ముల్లు లేచింది. కింది చుట్టకు కదలలేదు.

"లోపట తెగిందే."

"తెగలే అక్కా" అన్నాను ధైర్యంగా. "తెగింది గని నేను ముడేసిన."

అక్క మీటరు కింద పెట్టింది. "ఏం జేసినవ్?"

"ముడి. మంచి ముడి. నువ్వు దేవులాడినా దొరకదు."

ఆమె నా ముఖంలోకి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. "నీ మంచి ముడి మన్నువడ! తీగ మీద పూత ఉంటది గదనే? నేను కొసలు బ్లేడుతోని గీకుతలేనా రోజు? పూత మీద పూత పెట్టి ముడేస్తే కరెంటు ఎట్ల దాటుతది?"

"టంకం అంటుకోనీకి గీకుతవనుకున్న."

"మరి ఆయన కిటికీ కాడ నిలవడి చేసిందేంది ఇన్నేండ్లు?"

"ముడే వేస్తున్నడనుకున్న అక్కా. వేళ్ళు లావుండి లేటైతుందనుకున్న."

ఆ మాటకు అంత గాభరాలోనూ అక్కకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. ఇద్దరం ఆ బల్ల ముందు నిలబడి నవ్వాం, ఏడుపు పక్కనే ఉన్న నవ్వు. మాస్టర్ తన విద్యను చుట్టడం నాకూ, టంకం అక్కకూ పంచాడు. ఆ రెంటినీ కలిపే ముక్క మాత్రం కిటికీ వైపు తిరిగి తన దగ్గరే ఉంచుకున్నాడు. చెప్పకూడదని కాదు. అడగలేదు గనక చెప్పలేదు, నవ్వుకున్నాను గనక అడగలేదు.

"ఆరువేల చుట్లల్ల యాడ దేవులాడాలె?" అంది అక్క.

"దేవులాడే పనిలేదు. యాభై రెండు గింజలైనంక నలభై చుట్లకు తెగింది. పైన ఏడు గింజలు, అరవై చుట్లు ఉన్నయి. వాటి కింద ఉంటది."

"పక్కానా?"

"మా అత్త మీద ఒట్టు."

వరండాలోంచి కేక వచ్చింది. "నా మీదెందుకే ఒట్టు! నేనేం జేసిన?"

చుట్ట ఊడదీసి రాట్నానికి పెట్టి వెనక్కి తిప్పాను. లెక్కపెడుతూ, తీగ వేళ్ళ నడుమ జారవిడుస్తూ. ఏడు వందలు దాటింది. ఇరవై, ముప్పై, నలభై. గోరు కింద ఏమీ తగలదే! అంత మంచి ముడి వేసినందుకు నా చేతులను నేనే తిట్టుకున్నాను. యాభై ఎనిమిది దగ్గర ఇసుక రేణువంత తగిలింది. రెండు చుట్లు తేడా. ఆ రెండు భంగార్‌వాలా కేకకు పోయి ఉంటాయి.

అత్త వచ్చి వంగి చూసింది. ముడిని వెలుతురుకు పెట్టింది. "ముడికి వంక పెట్టేదేం లేదు. నేను నేర్పిందే" అంది. అక్క దాన్ని బ్లేడుతో తెంపేసింది.

అంతలో దుకాణంలో బల్బు ఆరిపోయింది. రథం ఎత్తు. పైన కరెంటు తీగలకు తగులుతుందని అది ఏ సందుకు వస్తే ఆ సందుకు కరెంటు బంద్ చేస్తారు. ఏటా చేసేదే. ఏటా చేసేదే గనక మాకు గుర్తు లేదు. టంకం పెట్టే కరెంటు కడ్డీ చల్లగా చచ్చి పడుంది.

అక్క బల్ల కింద వంగి మాస్టర్ పాతకాలం కడ్డీ తీసింది. రాగి మొన, కర్ర పిడి, నిప్పుల మీద కాల్చేది. తిన్నగా పోయి మా అత్త స్టవ్వు మీంచి చాయ్ గంజు దించింది.

"ఓ పిల్లా, దేవుని చాయ్ అది!"

"ఇది గూడ దేవుని పనే పెద్దమ్మా, జర ఆగు."

"చాయ్‌ల రాగి వాసనొస్తే నేను జవాబు చెప్ప."

కడ్డీ ఎర్రబడుతోంది. నేను చుట్టను రాట్నానికి మళ్ళీ బిగించాను. విప్పిన తీగ చాప మీద పిచ్చుక గూడులా పడి ఉంది. అది చిక్కు తీయాలి, కొసలు గీకి అతకాలి, ఏడు గింజల చుట్లు మళ్ళీ చుట్టాలి. డోళ్ళు పక్క చౌక్‌లోకి వచ్చేశాయి. టెంపోవాడు హారను కొట్టాడు.

"బంద్ చెయ్యి" అంది అక్క. "ఇగ చుట్టొద్దు. ఉన్నది చాలు. ఈడికే టంకం పెట్టేస్త."

"అక్కా, యాభై రెండే ఉన్నయి. మాస్టర్ అరవై అన్నడు."

అక్క కాలిన కడ్డీ చేత్తో పట్టుకుని నా వైపు తిరిగింది. చెమట కారుతోంది, కుంకుమ లేని నుదురు ఎర్రగా కందిపోయింది.

"మాస్టర్ లేడు. నేనున్న."

నేను చక్రం మీంచి చెయ్యి తీశాను. ఆమె తీగ కొసను బ్లేడుతో మూడుసార్లు గీకింది. ఎర్రటి పూత పోయి లోపలి రాగి మెరిసింది. కడ్డీ తాకించింది, టంకం చుక్క వెండిపూసలా కూర్చుంది. మీటరు పెట్టింది. ముల్లు లేచింది. మొదటి చుట్టకు లేచినంత కాదు, అయినా లేచింది.

స్క్రూలు బిగించే పని మా అత్త నా చేతిలోంచి లాక్కుని తనే చేసింది. గిటారు తీసుకుని అక్క జనంలోకి నడిచింది. పందొమ్మిదేళ్ళు కాపురం చేసిన ఆ సందులో ఆమె అంత గట్టిగా "జరుగుండ్రి!" అని అరవడం ఎవరూ వినలేదు.

రథం చౌక్‌లోకి తిరుగుతోంది. ఆర్కెస్ట్రా ఆయన ఎర్ర గిటారు మెడలో వేసుకునే ఉన్నాడు. దాన్ని తీసి పక్కన పెట్టి, కొత్తది తగిలించుకుని, మీట కిందికి వేశాడు. మీటాడు.

ఆ గొంతు ఎట్లా చెప్పను? కొత్త నూలు చేతిలో సర్రున జారితే వేలు కోసుకుంటుంది చూడండి, అట్లాంటి గొంతు. డోళ్ళ ఢమఢమను చీల్చుకుని అవతల మేడల మీదున్న జనం వరకు పోయింది. వాళ్ళు తలలు తిప్పడం చూశాను.

ఆర్కెస్ట్రా ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. "వైనీ, ఇది మాస్టర్ ఆవాజ్ కాదు."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుని వెనక్కి వచ్చేసింది. టెంపో కదిలిపోయింది. మేం వరండాలో కూర్చుని చల్లారిన దేవుని చాయ్ తాగాం. రాగి వాసన రాలేదు. కానీ అత్త ఒప్పుకోలేదు.

పాపం, ఆ పూటంతా నేను అక్కకు ఎన్నిసార్లు తప్పు ఒప్పుకున్నానో! ఆమె ఒక్కసారి కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. అరవై గింజలు మళ్ళీ చుట్టి ఇస్తాను, ఇంకో అవకాశం అడుగుదాం అన్నాను. "చూద్దాం తియ్" అంది. మరునాడు పొద్దున నీలం నగర్ ఆయన జవాబు కోసం వచ్చి దుకాణం మెట్టు మీద కూర్చున్నాడు. పనిముట్లు ఎన్నున్నాయో కళ్ళతోనే చూసుకుంటున్నాడు.

వెనకాలే ఆర్కెస్ట్రా ఆయన వచ్చాడు. గొంతు బొంగురు పోయింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రెండు గిటార్లూ రెండు భుజాలకు ఉన్నాయి. ఊరేగింపు చివరిదాకా మీట కిందినుంచి పైకి వేయలేదట. మెత్తగొంతు అడిగినవాళ్ళే లేరట. ఇంకో ఆర్కెస్ట్రా వాళ్ళు టెంపో పక్కన నడుస్తూ ఇది పుణెదా, బొంబాయిదా అని అడిగారట. చుట్లు తగ్గితే గొంతు ఇంకా పదునెక్కుతుందన్న సంగతి మాకు అట్లా తెలిసింది.

"నిన్న నువ్వే అంటివి గద, మాస్టర్ ఆవాజ్ కాదని" అంది అక్క.

"కాదు. ఇప్పుడు గూడ కాదనే అంట. మాస్టర్‌ది కూసొని వినే ఆవాజ్. ఇది నిలవడి వినేది." ఎర్ర గిటారు తీసి బల్ల మీద పెట్టాడు. "దీని లోపట గూడ నిన్నటి తీరే చెయ్యి వైనీ. కొత్తదాంట్ల చుట్లు తక్కువున్నయని పెద్దమ్మ చెప్పింది, దాంట్ల ఎన్నున్నయో అన్నే ఉంచి మిగిలింది ఇప్పేయి."

అక్క ఎర్ర గిటారును దగ్గరికి లాక్కుంది. ఆ చుట్ట నేను చుట్టింది కూడా కాదు. నేను రాకముందు, లావు వేళ్ళతో, తెంపుకుంటూ అతుక్కుంటూ, ఎన్ని రోజులు కూర్చున్నాడో, మాస్టరే చుట్టింది. అక్క దాని మీద దుమ్ము తుడిచింది. తీగలను ఒకసారి అరచేత్తో నిమిరింది. ఎత్తి తిరిగి ఆయన చేతికే ఇచ్చింది.

"ఇది ఎవ్వరు ఇప్పరు. ఇది ఇట్లనే ఉంటది. కొత్తది కావాల్నంటే కూసో, చేసిస్తం."

తర్వాత మెట్టు మీదున్న ఆయన వైపు తిరిగింది. "అన్నా, నువ్వు గూడ చాయ్ తాగి పో. దుకాణం నడుస్తది."

నా వైపు చూడనైనా చూడకుండా, "చెల్లె, తీగ తియ్యి. యాభై రెండు" అంది.

రాట్నం ముందు కూర్చున్నాను. లేచేసరికి నా జుట్టు తెల్లబడింది.